ఆడనత్తలకు మీసాలొచ్చిన నెల

లాకు తెరవడానికి ఇంకా ఇరవై ఆరు రోజులు. మీసాలు: నూటికి ఒకటి.

తీరసభ వాళ్ళు ఇచ్చిన ఈ కొత్త పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో అచ్చేసి ఉంది: "అంకెలు మాత్రమే రాయవలెను." పాత పుస్తకంలో నేను మేక ఈనిన సంగతీ, మా మరిది పడిశం సంగతీ రాశానని వాళ్ళకి కోపం. కోపమైతే కానీ. నాకు అరవై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా నత్తలతో కూర్చుంటున్నాను. నత్తలు మాట్లాడవు. మరి నేనెవరితో మాట్లాడాలి?

పొద్దున్నే లాకు దగ్గర కట్టిన బుట్ట పైకి లాగాను. వంద ఆడనత్తలు. వాటిని మత్తునీళ్ళ పళ్ళెంలో వేసి, నేను వెళ్ళి గంజి తాగి వచ్చేసరికి మెడలు బయటికి వేలాడేసి నిద్రపోతుంటాయి. అప్పుడు భూతద్దం పెట్టి ఒక్కొక్కదాని కుడి కొమ్ము వెనక చూడాలి. అక్కడ నున్నగా ఉంటే నీళ్ళు మంచివి. మగనత్తకి ఉండే మొలక ఆడదానికి కూడా మొలిచిందంటే, నీళ్ళలో తగరం మందు కలిసినట్టే. ఆ మొలకని మా ఓడపాలెంలో మీసం అంటాం. నాకు ఈ పని నేర్పిన కాంతమ్మగారు పెట్టిన పేరు అది. అసలు పేరు పదిమందిలో అనలేక ఆవిడ అలా పెట్టారు.

మీసమొచ్చిన ఆడనత్త గుడ్లు పెట్టలేదు. గుడ్డు వచ్చే దారి మూసుకుపోతుంది. చూసుకుని, లెక్క రాసుకుని, మంచివాటిని మళ్ళీ బుట్టలో వేసి నీళ్ళలోకి దింపేస్తాను. మెలకువొచ్చాక అవి ఏమీ జరగనట్టే నాచు నాకుతుంటాయి. కాంతమ్మగారు పెంచిన జాతి ఇది. నీళ్ళు చెడితే నాలుగు రోజుల్లో చెప్పేస్తాయి.

ఈ తగరం మందు వెనకటి రోజుల్లో ఓడల అడుగున పూసే రంగులో ఉండేది. గుల్లలు పట్టకూడదని పూసేవారు. గుల్లలు పట్టలేదు, నిజమే. వాటితో పాటు నత్తలూ, ఆలుచిప్పలూ, చేపపిల్లలూ కూడా బతకలేదు. ఊరు మునిగాక మేము కాపురం పెట్టినవి ఆ ఓడలే, పదకొండు, ఇనపగొలుసులతో ఒకదానికొకటి కట్టుకుని. అడుగున రంగు గీకించడానికే ఒక తరం పట్టింది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ విషమంతా చేరిందని, అలల్లేని నీళ్ళున్న పాలమడుగుకి లాకు మూసేశారు. మా మనవరాలు పైడి పుట్టిన ఏడే అది. దానికిప్పుడు పంతొమ్మిది. కదలని నీళ్ళ మీద ఒక్కరోజు పడుకుని ఎరగదు. అన్నం తినేటప్పుడు కూడా పళ్ళేన్ని ఎడం చేత్తో పట్టుకునే తింటుంది.

వరసగా మూడేళ్ళు ఏడాది చివరి లెక్కలో నూటికి ఐదు మీసాలు దాటకపోతే లాకు తెరుస్తామని తీరసభ మాట. రెండేళ్ళు అయ్యాయి. ఇది మూడోది. చివరి లెక్క ఇరవై ఆరు రోజుల్లో. ఐదు దాటితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ముందుగా ఏ పడవ లోపలికెళ్ళాలని చీట్లు వేస్తే పైడి పేరొచ్చింది. గుంట ఎగిరి గంతేసిన గంతుకి నాలుగో ఓడ మీద మేకలు తాళ్ళు తెంపుకున్నాయి. నేనేమీ తక్కువ తినలేదు, నేను కూడా గెంతాను. నడుం పట్టేసింది.

ఇంకా ఇరవై నాలుగు రోజులు. మీసాలు: నూటికి ఒకటి.

పైడి తన చేత్తో కట్టుకున్న మొదటి పడవకి రంగు వేయించాం. నాచునుంచి తీసే కొత్త రంగు. దానివల్ల ఎవరికీ ఏ హానీ లేదు. మడుగు తెరిచే పండగని ఈ నెల్లో నలభై పడవలూ కొత్త రంగు పూసుకుంటున్నాయి. ఏ ఓడ పక్కన చూసినా చీపురంత కుంచెలు, నూనె మొహాలు.

తీరసభ వాళ్ళు ఈ తరువాతి నాలుగు లైన్లు చదవకండి. పడవకి కొత్త రంగు కలిపేటప్పుడు తాతల పడవ నుంచి గీకి దాచుకున్న పెచ్చులు ఒక చెంచాడు వేయడం మా వాళ్ళ ఆచారం. పాలకి తోడు వేసినట్టన్నమాట. దాన్ని తోడనే అంటాం. పాత పడవ అదృష్టం కొత్తదానికి రావాలని. తగరం గొడవ తెలిశాక పంచాయితీలో అందరం ప్రమాణం చేసి మానేశాం. కానీ మా అయ్య సన్యాసి పడవ సంగతి వేరు. ఆయన చేపనూనె, ఎర్రమట్టి తప్ప జన్మలో మరేదీ పూయలేదు. ఊరంతటికీ తెలుసు. ఆయనే చెప్పేవాడు. కాబట్టి ఒక చెంచా వేశాను. అయిపోయింది, ఇక్కడి నుంచి చదవండి.

పడవ నీళ్ళలోకి దిగింది. ఎంత బావుందో! పైడి దాని ముక్కు మీద ముద్దు పెట్టుకుంటే మూతికి రంగంటుకుంది.

ఇంకా ఇరవై రోజులు. మీసాలు: నూటికి మూడు.

మూడు! పోయిన నెలంతా ఒకటి దాటలేదు. రెండుసార్లు చూశాను. భూతద్దం కొంగుతో తుడిచి మూడోసారి చూశాను.

పంతుల్ని అడిగాను. పంతులంటే తీరసభ వాళ్ళు లాకు దగ్గర కట్టిన పచ్చటి తేలుడు యంత్రం. గంటకోసారి నీళ్ళు రుచి చూసి తీర్పు చెబుతుంది. దానికి భాష నేర్పినవాళ్ళెవరో గానీ మా తాతల నాటి బడిపుస్తకం తినిపించినట్టున్నారు.

"తవిటమ్మ గారూ, నీరు నిర్మలముగా నున్నది."

"నిర్మలమేటి నీ బొంద! ఆడనత్తలికి మీసాలొస్తన్నాయ్."

"నా పట్టికలోని నూట పన్నెండు విషములలో ఏదియు హద్దు మీరలేదు."

"హద్దు నీకు పంతులూ, నత్తకి కాదు. దానికి చిటికెడు సాలు."

"నీరు నిర్మలముగా నున్నది," అంది మళ్ళీ. గోడకి చెప్పినా ఒకటే. కాంతమ్మగారు ఎప్పుడూ అనేవారు, యంత్రానికి నువ్వు నేర్పిందే తెలుసు, నత్తకి తను తాగిందంతా తెలుసు అని.

ఎవరో పాత రంగు వాడారు. ఆ ఎవరో ఎవరో కూడా నాకు తెలుసు. మా మరిది నరసింగు. నిరుడు ఏడో ఓడ అడుగున దొరికిన పాత రంగుడబ్బా చడీచప్పుడు లేకుండా పడవకి పూసేసి నాకు దొరికిపోయాడు. ఊరి కట్టుబాటు ప్రకారం నత్తలకి మీసాలు తెప్పించినవాడు కొబ్బరిపీచు మీసం కట్టుకుని, డప్పు వెనక పదకొండు ఓడలూ తిరగాలి. ఆ మీసం నా చేత్తోనే కట్టాను. కాస్త పెద్దదే కట్టాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

ఇంకా పంతొమ్మిది రోజులు. లెక్క లేదు, గొడవ ఉంది.

నరసింగు వల బాగుచేసుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏటి మరిదీ, మల్లీ మీసం మీద మనసైందేటి?"

తలెత్తి చూశాడు. అసలు మీసం, నెరిసింది, దువ్విపెట్టుకుంటాడు. "ఏటొదినా, పొద్దున్నే వొచ్చినావు. గంజి తాగలేదేటి?"

"నా గంజి సంగతి నాను సూసుకుంతాను. నీ పడవకేటి పూసినావు?"

"నాచురంగు."

"అందులో?"

"అందులో నాచురంగే." సూది వలలో గుచ్చి లేచాడు. "ఒక్కపాలి దొంగ అనిపించుకున్నోడు నీకు జీవితమంతా దొంగే కదా! బుట్టలట్టుకొచ్చి నా పడవ సుట్టూ కట్టీ. నాలుగు దినాలాగి నువ్వే సూడు. సున్నా రాకపోతే ఈ మీసం గొరిగీసి నీ సేతిలో పెడతాను."

"వొచ్చిందనుకో?"

"సున్నా వొస్తే పదిమందిలో నాకు దండవెట్టాల."

"పెడతాను లే, నీ దండానికేటి కరువు," అన్నాను.

పన్నెండు బుట్టలు సిద్ధం చేసి రేవంతా కట్టాను. రెండు అతని పడవకే. ఒక బుట్ట మిగిలిపోతే, ఎక్కడో ఒకచోట కట్టాలి కదా అని పైడి పడవ దగ్గర కట్టేశాను.

ఇంకా పదిహేను రోజులు. లాకు దగ్గర: నూటికి నాలుగు.

పన్నెండు బుట్టలూ పైకి లాగాను. మెడలో లేని నొప్పి కూడా వచ్చింది.

నరసింగు పడవ, రెండు బుట్టలు: సున్నా, సున్నా.

మూడో ఓడ పక్క: ఎనిమిది. ఆరో ఓడ: పదకొండు. ఎనిమిదో ఓడ: ఆరు. ఒక్కోచోట ఒక్కో అంకె. అలలు అటూ ఇటూ మోసుకుపోయి ఉంటాయి అనుకున్నాను. విషం పుట్టిన చోట అంకె అన్నిటికన్నా పెద్దదిగా ఉంటుంది. అది ఎక్కడా అని చూస్తూ చివరి బుట్టకి వచ్చాను.

పైడి పడవ: ముప్పై ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. చంకలో పిల్లనెత్తుకుని ఊరంతా వెతికిన బాపతు నాది.

తోడు డబ్బా తీసి, మా అయ్య పడవ పెచ్చు ఒకటి ఎండలో పెట్టి కత్తితో గీశాను. పైన ఎర్రమట్టి. దాని కింద నీలంగా, మెరుస్తూ, పెద్ద ఓడల రంగు. ఎర్రమట్టి పైన పూసి ఊరందరికీ చూపించి, కింద ఇది దాచుకున్నాడు. చేపనూనె తప్ప ఎరగనని అమ్మవారి మీద ఒట్టేసి చెప్పేవాడు మా అయ్య. ఆ మాట నేను ఎన్నిచోట్ల చెప్పుకుని మురిసిపోయానో! కోపమొచ్చింది. అంతకన్నా ఏడుపొచ్చింది. నత్తల పళ్ళేల ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. అవి నిద్రపోతున్నాయి కనుక సరిపోయింది.

తరువాత మనసు ఇంకో దారి పట్టింది. అది కూడా రాస్తాను, అబద్ధం ఎందుకు. చివరి రోజు తీరసభ నుంచి వచ్చే ఆవిడ చూసేది లాకు దగ్గరి బుట్ట ఒక్కటే. అక్కడ నాలుగే ఉంది. పంతులు నిర్మలమనే అంటోంది. పైడి పడవ పలక కారుతోందని చెప్పి పైకి లాగించి, గుట్టుగా గీకేస్తే? గుంట అందరికన్నా ముందు మడుగులోకి వెళుతుంది. మా అయ్య పేరు నిలుస్తుంది. నా మూతికి పీచు అంటదు. ఇలా ఆలోచిస్తుండగా పొయ్యి మీద అన్నం మాడిపోయింది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నత్త పట్టేసింది.

ఇంకా పద్నాలుగు రోజులు.

పొద్దున్నే పైడిని పడవ మీదే కూర్చోబెట్టి అంతా చెప్పాను. డబ్బా ముందు పెట్టాను. పెచ్చు గీసి చూపించాను.

అది పడవ అంచు నిమిరింది.

"నాకు సెప్పకుండా ఏసినావు," అంది.

"సెప్పకుండానే ఏసినాను."

"నా పడవలో."

"నీ పడవలోనే. తిట్టే, ఊరుకోకు."

"తిట్లు రావట్లేదు మామ్మా. నర్సింగు తాతకి మీసం కట్టిన దినం నువ్వేటన్నావో అదొకటే గురుతొస్తంది. 'నత్త కాడ సుట్టరికం లేదు' అన్నావు. అందరూ సప్పట్లు కొట్టినారు. నానూ కొట్టినాను." ముక్కు తుడుచుకుంది. "ఊరి గంట నువ్వు కొడతావా, నన్ను కొట్టమంతావా?"

"ముందర ఎల్లే పడవ నీది కాకుండా పోద్ది గుంటా."

"లాకు తీస్తే కదా ముందరెల్లడం!"

దాని మొహం చూడలేకపోయాను. ఎంత ఆశపడిందో నాకు తెలుసు. గంట నేనే కొట్టాను.

మొదటి ఓడ మీద ఊరంతా చేరింది. డబ్బా మధ్యలో పెట్టి, నరసింగుకి ముందు దండం పెట్టాను, మాట ప్రకారం. తరువాత అంకెలన్నీ చదివాను. ముప్పై ఒకటి కూడా చదివాను. "మా అయ్య పడవ మంచిదనుకున్నాను. అందుకే తోడేసినాను. కంచే సేను మేసింది. మీసం తెండి, కట్టండి," అన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. ఒకరి మొహాలొకరు చూసుకోకుండా, అందరూ తేలు కుట్టిన దొంగల్లా సముద్రంకేసి చూస్తున్నారు. అప్పుడే నాకు కాస్త అర్థమవడం మొదలైంది. మూడో ఓడ పక్క ఎనిమిది, ఆరో ఓడ పక్క పదకొండు. వాటిని అలలు మోసుకురాలేదు.

మూడో ఓడ సత్యవతి ముందు లేచింది. ఇంటికెళ్ళి, బిడ్డలకి పొడిమందు దాచే డబ్బా ఒకటి తెచ్చి నా డబ్బా పక్కన పెట్టింది. "మా తాత మట్టుకి అలాంటోడు కాడనుకున్నానప్పా," అంది. ఆ తరువాత ఆరో ఓడ వాళ్ళు. ఆ తరువాత ఎవరాగుతారు! పొడుం డబ్బాలు, కాటుక డబ్బాలు, మూత బిగించిన చిప్పలు. ఊళ్ళో ప్రతివాళ్ళూ, అందరి తాతలూ దొంగలే గానీ మా తాత ఒక్కడూ మంచోడు అనుకుని ఒక్కో చెంచా వేసేశారు. నలభై పడవలకి ముప్పై తొమ్మిది డబ్బాలు తేలాయి.

రాని డబ్బా ఒక్కటే. నరసింగుది. మీసం మెలేస్తూ నిలబడ్డాడు.

"నువ్వెందుకెయ్యలేదు మరిదీ?" అన్నాను.

"నిరుడు మీసం కట్టుకుని పదకొండు ఓడలూ తిరిగినానొదినా. తిరుగుతా ఆలోసించినాను. నానే ఇలగ సేసినానంటే మా తాత సెయ్యకుండా ఉంతాడా అని. ఆ దినమే డబ్బా తీరసభోలకి ఇచ్చీసినాను."

అప్పుడు నవ్వారు. ముందు ఒకరు, తరువాత అందరూ, ఆగలేనంతగా. పైడి నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద వాలిపోయింది. నేను కూడా నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

ఇంకా పదకొండు రోజులు.

రాయడానికి తీరిక లేదు. ముప్పై తొమ్మిది పడవలు పైకి లాగాలి. కింద తెరచాప గుడ్డలు పరిచి, ఒక్క పెచ్చు కూడా నీళ్ళలో పడకుండా గీకాలి. గాలి వీస్తే పని ఆపి, గుడ్డ నాలుగు పక్కలా నలుగురు కూర్చోవాలి. నేను రెండుసార్లు కూర్చున్నాను. నా బరువుకి ఇంకో ముగ్గురు అక్కర్లేదని నరసింగు తీర్పు.

ఇంకా ఎనిమిది రోజులు. లాకు దగ్గర: నూటికి తొమ్మిది.

తొమ్మిది. అనుకున్నదే. గీకకముందు నీళ్ళలో కలిసింది ఎక్కడికీ పోదు కదా.  చివరి బుట్టకి కొత్తగా పొదిగిన పిల్లల్నే వాడతాం. ఒకసారి వచ్చిన మీసం పోదు. ఆ పిల్లలు దిగేలోపు నీళ్ళు మారాలి.

ఊరు మాత్రం పండగ చేసుకుంటోంది. ఇన్నేళ్ళు ఎవరింటి డబ్బా వాళ్ళు దాచుకుని భయపడ్డారేమో, ఇప్పుడు గుట్టు దిగిపోయి ప్రాణాలు తేలికపడ్డాయి. గీకుతూ పాటలు, మధ్యాహ్నం అందరికీ ఒకటే గుండిగ, ఎండుచేపల పులుసు. సత్యవతి పులుసులో ఉప్పు మర్చిపోతే "తోడెయ్యడం మట్టుకి మర్సిపోలేదు" అని ఎవరో అన్నారు. గరిటెతో తరిమింది.

మళ్ళీ రంగు పూయడానికి సమయం లేదు. పడవలన్నీ ఉత్త చెక్కతో, స్నానం చేయించిన పిల్లల్లా వరసగా ఆరుతున్నాయి. పైడి పడవ చెక్క మీద దాని ఉలి గుర్తులన్నీ కనిపిస్తున్నాయి. ఇదే బావుందంటుంది అది.

ఇంకా నాలుగు రోజులు.

నిన్న పౌర్ణమి పోటు. అలలు ఓడల నడుముల దాకా లేచి రేవునంతా కడిగి తీసుకుపోయాయి. పంతులు గొలుసు తెగేలా ఊగుతూ కూడా "నీరు నిర్మలముగా నున్నది" అంటూనే ఉంది. మొదటిసారి అది నిజం చెబితే బావుండునని మొక్కుకున్నాను.

చివరి బుట్ట దింపాను. వంద పిల్లలు, గోరంత లేవు. దింపుతూ వాటితో మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను, అది మాకూ మాకూ ఉన్న సంగతి.

ఆ రోజు.

తీరసభ ఆవిడ హసీనా మేడం పొద్దున్నే వచ్చారు. నా పాత పుస్తకం చదివింది ఈవిడేనట. "మేక ఎలా ఉందండీ?" అని అడిగారు. మనిషి మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

నత్తలు నిద్రపోయాయి. నేను చూడటం, ఆవిడ ఇంకో అద్దంతో చూసి తలూపడం. చుట్టూ ఊరు నిలబడింది. మొదటి ఇరవై నున్నగా ఉన్నాయి. ఇరవై ఆరోది మీసం. ముప్పై మూడోది. యాభై రెండోది. డెబ్బై దగ్గర నాలుగోది. పైడి నా వీపు మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఎనభై ఎనిమిదోది మీసం. ఐదు.

ఇంకా పన్నెండు మిగిలాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వచ్చినా మూడేళ్ళ పని సముద్రంలో పోసినట్టే. ఎనభై తొమ్మిది, నున్నగా. తొంభై, నున్నగా. తొంభై నాలుగోది గుల్లలోంచి బయటికే రాదు, మొండిది. మత్తునీళ్ళు ఇంకో చుక్క వేసి కూర్చున్నాం. అది ఒళ్ళు విరుచుకుని మెల్లగా వచ్చేసరికి నా వయసు ఇంకో ఏడాది పెరిగింది. నున్నగా ఉంది. తొంభై తొమ్మిది, నున్నగా.

నూరోదాని దగ్గర నా కళ్ళు మసకేశాయి. "మీరే చూడండి మేడం," అన్నాను.

ఆవిడ చూశారు. అద్దం తిప్పి మళ్ళీ చూశారు. "నున్నగా ఉందండీ. ఐదే. దాటలేదు," అన్నారు.

ఆ తరువాత అరుపులు ఎలా ఉన్నాయో రాయలేను. మేకలు మళ్ళీ తాళ్ళు తెంపుకున్నాయి.

లాకు తెరిచేముందు కట్టుబాటు తీరాలి. ముప్పై తొమ్మిది మీసాలకి తొమ్మిదో ఓడ మీది కొబ్బరిచెట్ల పీచు చాల్లేదు. మిగిలినవాళ్ళకి మేకజుట్టు, వలదారం. సత్యవతికి మేకజుట్టు మీసం బాగా అమరింది, దించనని పేచీ పెట్టింది. నాకు కట్టడానికి నరసింగే వచ్చాడు. నిరుటి మీసమే, నేను కాస్త పెద్దదిగా కట్టిందే, దాచిపెట్టుకున్నాడట.

"గట్టిగా కట్టు మరిదీ," అన్నాను. "మా అయ్య తరపున కూడా."

ముడి వేస్తూ చెవి దగ్గర మెల్లగా అన్నాడు: "మీ అయ్య మంచోడే వొదినా. నాను సిన్నోడప్పుడు తెడ్డెయ్యడం నేర్పినాడు. రంగే మంచిది కాదు."

ఆ మాటతో పదిహేను రోజులుగా గుండెల మీదున్న రాయి దిగిపోయింది.

మీసాలు తెప్పించిన పడవలు వెనక వెళ్ళాలి. కనుక నరసింగు పడవ ఒక్కటే ముందు వెళ్ళింది, రాజులా, అపశ్రుతిలో పాడుకుంటూ. వెనక ముప్పై తొమ్మిది ఉత్తచెక్క పడవలు, ముప్పై తొమ్మిది మీసాలు. మొదటి చోటు పోయిందని పైడి కళ్ళల్లో కాస్త నీరు తిరిగింది, చూశాను. లాకు దాటగానే పడవ ఊగడం ఆగిపోయింది. గుంటకి ఏమైందో అర్థం కాలేదు. పడవ అంచు పట్టుకున్న ఎడం చెయ్యి మెల్లగా వదిలింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది. తరువాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "మామ్మా, కదలట్లేదే!" అని గట్టిగా నవ్వింది.

మడుగు గట్టు రాళ్ళ మీద ఏదో పసుపుగా కనిపిస్తే పడవ దగ్గరికి పోనిమ్మన్నాను. నత్తగుడ్లు! నేను పెంచినవి కావు, ఎవరూ వేయనివి, వాటంతటవే వచ్చి కాపురం పెట్టిన నత్తలవి. బియ్యపు గింజలంత సంచులు, వందలు. పంతొమ్మిదేళ్ళు తలుపు మూసిన ఇంట్లో ఏ మీసమూ లేని తల్లి ఒకతి కూర్చుని ఇన్ని గుడ్లు పెట్టింది. ఇంకా దగ్గరగా చూద్దామని అద్దం పట్టుకుని వంగాను. ఇంకాస్త వంగాను. నా మీసం ఊడి నీళ్ళలో పడింది.

లాకు దగ్గర నుంచి పంతులు గొంతు ఊరంతటికీ వినిపించింది, నేనెరిగినంతలో మొదటిసారి గాభరాగా:

"తవిటమ్మ గారూ! నీటిలో అన్య పదార్థము కనబడినది!"

మీసాలు: నూటికి ఐదు. తేలుతున్నది: ఒకటి.